భ్రమరం రొదను కీటకం వింటుందా?

పోయిన ఎండాకాలం అనంతపురంలో మా ఇంటి స్విచ్‌బోర్డు పక్కన ఒక మట్టిగూడు లేచింది. కట్టింది ఒక నల్ల కందిరీగ. నడుము దారంలా సన్నగా, కాళ్లు పసుపుగా ఉంటుంది. పెరట్లో కుళాయి కింద తడిమట్టిని ఉండ చేసి నోట కరుచుకొచ్చి, గుయ్‌మని రొద పెడుతూ గోడకు మెత్తేది. ఎలక్ట్రీషియన్ బోర్డు విప్పాలన్నప్పుడు ఆ గూడు తీయక తప్పలేదు. స్క్రూడ్రైవర్‌తో గీకితే మట్టిపెళ్లలతో పాటు చిన్న చిన్న సాలీళ్లు రాలాయి. లెక్కపెట్టాను, పదకొండు. అన్నీ కాళ్లు ముడుచుకొని ఉన్నాయి. చచ్చాయనుకున్నాను కానీ, ఒకదాన్ని పుల్లతో కదిపితే కాలి కొన వణికింది.

మా అవ్వ బతికుంటే ఆ గూడు తీయనిచ్చేది కాదు. చిన్నప్పుడు ఇలాంటి గూటి మీదికి రాయి ఎత్తితే, "కదిలించొద్దు నాయనా, లోపల పురుగుకు మంత్రం చెప్తాండాది" అనేది. ఆమె చెప్పింది మన పెద్దలు వాడే భ్రమరకీటక న్యాయమే. భ్రమరం ఒక పురుగును పట్టుకొచ్చి మట్టిగూట్లో పెడుతుంది. దాని చుట్టూ తిరుగుతూ ఝుమ్మని రొద చేస్తుంది. భయంతోనో ధ్యాసతోనో ఆ పురుగు భ్రమరాన్నే తలచుకొని, తలచుకొని, చివరికి తానే భ్రమరమై ఎగిరిపోతుంది. దేన్ని ధ్యానిస్తే అదే అవుతావని చెప్పడానికి ఈ ఉపమానం వాడతారు.

వేదాంతం సంగతి అలా ఉంచితే, ఈ న్యాయం వెనుక ఎవరో శ్రద్ధగా చూసిన చూపు ఉంది. గూట్లోకి పురుగు పోవడం చూశారు. కొన్నాళ్లకు అదే గూటి నుంచి కందిరీగ రావడం చూశారు. చూసినదంతా నిజమే, మధ్యలో మూతపడిన గూట్లో జరిగిందే తెలియలేదు. కందిరీగ తన వేటను చంపదు. ముల్లుతో కుట్టి, విషంతో నరాల పట్టు తప్పిస్తుంది. ప్రాణం ఉంటుంది కాబట్టి మాంసం కుళ్లదు. దాని మీద ఒక గుడ్డు పెట్టి గూడు మూసేస్తుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్లపురుగు ఆ తాజా మేతను తిని పెరిగి, రెక్కలొచ్చాక మట్టి కొరుక్కుని బయటపడుతుంది. గొంగళిపురుగులను పట్టే కందిరీగలు వేరు, సాలీళ్లను పట్టేవి వేరు. మా స్విచ్‌బోర్డు దగ్గరిది రెండో రకం. శాస్త్రవేత్తలు స్కెలిఫ్రాన్ అని పిలిచే జాతికి చెందింది.

మరి ఆ రొద? అది మంత్రం కాదు, మేస్త్రీ పని చప్పుడు. మట్టి మెత్తేటప్పుడు కందిరీగ రెక్కల కండరాలను అదిరిస్తుంది. ఆ అదురుకు తడిమట్టి సాగి, కింది పొరతో బాగా కలుస్తుంది. స్లాబ్ వేసేటప్పుడు కాంక్రీటులో వైబ్రేటర్ పెడతారే, అదే కిటుకు.

ఇంతవరకు చాలామందికి తెలిసిందే. నన్ను పట్టుకున్నది వేరే ప్రశ్న. గూట్లో పడిన పురుగు సంగతి సరే, ఇంకా పట్టుబడని సాలీడుకు ఆ రొద వినిపిస్తుందా? సాలీడుకు చెవులే లేవు కదా!

చెవి లేదన్న మాట నిజం. కానీ చెవి లేకపోతే వినికిడి లేదన్నది వేరే మాట. ఈ రెండింటినీ విడదీయాలంటే శబ్దం అంటే ఏమిటో ఒకసారి చూడాలి. గాలిలో శబ్దం సాగుతున్నప్పుడు రెండు పనులు జరుగుతాయి. గాలి ఒత్తిడి పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. దాంతో పాటే గాలి కణాలు ముందుకూ వెనక్కూ ఊగుతాయి. మన చెవి పట్టుకునేది ఒత్తిడిని. మన జిల్లాలో ఉరుముల నృత్యం చూసినవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. ఉరుము అనే ఆ వాద్యం మోగుతుంటే ఎదురుగా నిలబడిన మన ఒళ్లు కూడా అదురుతుంది. బిగించిన చర్మం మీద ఒత్తిడి పడితే అది కదులుతుంది, చెవిలోని కర్ణభేరి చేసే పని అదే. అందుకే దానికి ఆ పేరు.

సాలీడు పట్టుకునేది రెండోదాన్ని, అంటే గాలి ఊగడాన్ని. దాని కాళ్ల మీద మామూలు నూగుతో పాటు, చిన్న గిన్నెలాంటి గుంటల్లో వదులుగా నిలబడిన అతి సన్నని వెంట్రుకలు కొన్ని ఉంటాయి. గాలికి జొన్నచేను వాలినట్టు అవి వాలుతాయి, వాలినప్పుడల్లా మొదట్లో ఉన్న నరం మేల్కొంటుంది. ఈ సంగతి శాస్త్రవేత్తలకు ఎప్పటి నుంచో తెలుసు. కాకపోతే గాలి ఊగడం అనేది శబ్దం పుట్టిన చోట బలంగా ఉండి, దూరం పోయేకొద్దీ వేగంగా సన్నగిల్లుతుంది. అందుకని ఈ వెంట్రుకలు పనికొచ్చేది జానెడు, బారెడు దూరంలోని కదలికలకే అని అనుకునేవారు. దూరం నుంచి వచ్చే శబ్దం సాలీడుకు లేనట్టేనని పాఠ్యపుస్తకాల మాట.

ఆ మాట తప్పని తేలింది ఒక కుర్చీ వల్ల.

అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో రోనాల్డ్ హోయ్ అనే శాస్త్రవేత్త దశాబ్దాల పాటు కీటకాల వినికిడి మీద పనిచేశారు. ఆయన ప్రయోగశాలలో గిల్ మెండా, పాల్ షాంబుల్ అనే యువ పరిశోధకులు గెంతే సాలీళ్ల మెదడు మీద పడ్డారు. గూడు అల్లకుండా, గోడల మీద తిరుగుతూ, పిల్లిలా పొంచి ఈగ మీదికి దూకుతుందే, ఆ సాలీడు. మన ఇళ్లలోనూ దాని చుట్టాలు బోలెడన్ని. మనం చూస్తే తిరిగి మనల్ని చూసే పురుగు ఏదైనా ఉందంటే అదే.

దాని చూపు గురించి చాలా తెలుసు, మెదడు గురించే ఎవరికీ తెలియదు. కారణం విచిత్రమైనది. సాలీడు కాలు ముడవడానికి కండరం వాడుతుంది కానీ, చాపడానికి ఒంట్లోని ద్రవం ఒత్తిడి మీద ఆధారపడుతుంది. జేసీబీ చేయి నూనె ఒత్తిడితో లేచినట్టు. ఒత్తిడి పోతే కాళ్లు చాపలేదు. చచ్చిన సాలీడు కాళ్లు ముడుచుకొని ఉండేది అందుకే. అంత ఒత్తిడి ఉన్న ఒంటికి చిల్లు పెడితే, గాలి పోయిన ట్యూబు సంగతే. మెదడు చూస్తేనేమో గసగసాల గింజంత. తల తెరిచి తీగ పెట్టబోతే సాలీడు దక్కేది కాదు.

మెండా దీనికి ఒక ఉపాయం కనిపెట్టాడు. వెంట్రుక కన్నా సన్నని టంగ్‌స్టన్ తీగ దూరేంత చిల్లు మాత్రమే పెట్టాడు. తీగ చుట్టూ ఆ చిల్లు దానంతట అదే పూడుకుపోయింది. సాలీడు బతికే ఉంది, మెదడులోని నరకణాల సంకేతాలు మొదటిసారి వినిపించాయి. 2014లో ఆ ఫలితాలు ప్రచురించారు. అందులో ఒక ముచ్చట: ఈ సాలీడుకు ఎనిమిది కళ్లు. ముందున్న పెద్ద జత వివరం చూస్తుంది, మిగతావి కదలికను పసిగడతాయి. ఈగ బొమ్మ చూపిస్తే కొన్ని నరకణాలు గట్టిగా స్పందించాయి. పెద్ద కళ్లను కప్పినా, పక్క కళ్లను కప్పినా ఆ స్పందన పోయింది. అంటే రెండు రకాల చూపూ ఒకచోట కలిస్తేనే ఆ మెదడుకు ఈగ "ఈగ" అవుతుంది.

ఇలాంటి ప్రయోగాల్లో నరకణాల సంకేతాలను స్పీకరుకు కలుపుతారు. నరం పలికినప్పుడల్లా టప్‌మని వినిపిస్తుంది. ఒకరోజు మెండా కుర్చీ కదిపితే అది కిర్రుమంది. స్పీకరు టప్‌మంది. మళ్లీ కదిపాడు, మళ్లీ టప్. చప్పట్లు కొట్టి చూశారు, దానికీ పలికింది. వెనక్కి జరుగుతూ జరుగుతూ గది బయటికి పోయి కొట్టినా పలుకుతూనే ఉంది. 3 మీటర్లకు పైగా దూరం! గెంతే సాలీడు ఒంటి పొడవు సెంటీమీటరు అటూ ఇటూ అని గుర్తుంచుకోండి. జానెడు, బారెడు లెక్క అక్కడితో చెల్లిపోయింది.

ఇక్కడ అనుమానం రావాలి. నాకూ వచ్చింది. చప్పట్లకు నేల, బల్ల అదిరి ఉంటాయేమో, సాలీడు కాళ్లకు తగిలింది ఆ అదురేనేమో! అదురు తగలని బల్ల మీద ప్రయోగం చేయడమే కాకుండా, వాళ్లు సాలీడు కాలి మీద ఉన్న వెంట్రుకలను నేరుగా కదిపి చూశారు. శబ్దానికి స్పందించిన నరకణాలే వెంట్రుక కదిలినప్పుడు కూడా స్పందించాయి. దాంతో దారి దొరికింది: గాలి నుంచి వెంట్రుకకు, వెంట్రుక నుంచి మెదడుకు. 2016లో ఇది ప్రచురితమైంది.

నాకు అన్నిటికన్నా నచ్చింది తరువాతి ప్రయోగం. ఇప్పుడు తీగలు లేవు, స్వేచ్ఛగా తిరిగే సాలీళ్లు. వాటికి 80 హెర్ట్జ్ శబ్దం వినిపించారు. సెకనుకు 80 ఊపులు, అంటే మగగొంతు బాగా దించి "ఊఁ" అన్నట్టు. నడుస్తున్న సాలీళ్లు ఉన్నచోటనే బిగుసుకుపోయాయి. కీచుమనే హెచ్చుశ్రుతి శబ్దానికి అలా చేయలేదు. సాలీళ్లను వేటాడే కందిరీగల రెక్కల రొద కూడా దాదాపు ఈ మంద్రశ్రుతి దగ్గరే ఉంటుందని, ఈ బిగుసుకుపోవడం ఆ శత్రువు కంట పడకుండా ఉండటానికేనని వాళ్ల వివరణ.

అవ్వ చెప్పిన న్యాయంలో భ్రమరం రొద చేస్తే కీటకం భ్రమరమవుతుంది. ఇక్కడ భ్రమరం రొద చేస్తే సాలీడు రాయి అవుతుంది. కదలకపోవడమే దాని మంత్రం.

ఈ వార్త పేపర్లకెక్కినప్పుడు "సాలీళ్లు మన మాటలు వింటున్నాయి" అన్న ధోరణిలో కొందరు రాశారు. అంత దూరం పోవడం నాకు నచ్చదు. నరం పలకడం వేరు, వినడం వేరు, అర్థం చేసుకోవడం మరీ వేరు. మొదటిది తీగ పెట్టి చూశారు. రెండోదానికి బిగుసుకుపోవడమే సాక్ష్యం. మూడోదానికి సాక్ష్యమేమీ లేదు. పైగా చూసింది అమెరికా సాలీడును. అనంతపురం గోడ సాలీడుకు దాన్ని అంటగట్టాలంటే అనంతపురం గోడ సాలీడునే కూర్చోబెట్టి పరీక్షించాలి.

ఆ తరువాత ఇదే బృందం మరో రెండు రకాల సాలీళ్లను పరీక్షించింది. 2020లో, వలను ముందుకాళ్లతో పట్టుకుని తలకిందులుగా వేలాడుతూ వేటాడే ఒక సాలీడు సంగతి బయటపెట్టారు. మన చెరువుల్లో విసురువల వేసేవాళ్లను చూసి నేర్చుకుందా అన్నట్టుంటుంది దాని పని. కింద నడిచే పురుగును పెద్ద కళ్లతో చూసి పడుతుంది. వెనుక నుంచి ఎగిరొచ్చేదాన్ని మాత్రం చూడకుండానే, విని, వెనక్కి వల విసురుతుంది. కాళ్లతోనే వినడం, కాళ్లతోనే వేయడం.

రెండోది ఇంకా వింత. శ్రీకాళహస్తి పేరులో మొదటి అక్షరం సాలీడుదే కదా, శివుడికి దారాలతో గుడి కట్టిన సాలీడు. అలా గుండ్రని గూడు అల్లే జాతిని బింగ్‌హామ్టన్ విశ్వవిద్యాలయంలో, చప్పుడు చొరబడని గదిలో పెట్టి చూశారు. దూరం నుంచి చిన్న శబ్దం వినిపిస్తే సాలీడు అటు తిరిగింది, కొన్నిసార్లు ముందుకాళ్లు ఎత్తింది, కొన్నిసార్లు నక్కింది. విన్నది దేంతో? గూటితో. ఆ దారం ఎంత సన్ననిదంటే గాలి ఎలా ఊగితే అలా ఊగుతుంది. గూడు వైశాల్యం సాలీడు ఒంటితో పోలిస్తే 10,000 రెట్ల దాకా ఉంటుంది. అంటే తన ఒంటి కన్నా అన్ని రెట్లు పెద్ద కర్ణభేరిని అది బయట కట్టుకుని, మధ్యలో కూర్చుని కాళ్లతో వింటోంది. 2022లో వచ్చిన పరిశోధన ఇది. ఇలాంటి సాలీళ్లలో చాలావాటికి పాత గూడు తినేసి మళ్లీ కొత్తది అల్లుకోవడం అలవాటు. చెవి పాడైతే మింగేసి మర్నాటికి కొత్త చెవి.

హోయ్ పని సాలీళ్లతో మొదలు కాలేదు, ఇలకోళ్లతో మొదలైంది. రాత్రిపూట కీచుమనే ఇలకోడి పాటంతా మగదే, రెక్కలు రాసి పుట్టిస్తుంది. ఎగురుతున్న ఇలకోడికి ఆ పాట వినిపిస్తే అటు మళ్లుతుంది. గబ్బిలం కూతలాంటి, మన చెవికి అందని హెచ్చుశబ్దం వినిపిస్తే దూరంగా మళ్లుతుంది. 1978లో హోయ్ బృందం దీన్ని చూపించింది. 1984లో ఇంకో మెట్టు ఎక్కారు. ఆ తప్పుకునే పనికి ఒకే ఒక్క నరకణం చాలని, కానీ ఇలకోడి గాల్లో ఉన్నప్పుడే ఆ నరకణం మాట చెల్లుతుందని తేల్చారు. నేల మీద ఉన్నప్పుడు అదే శబ్దం వచ్చినా, అదే నరకణం పలికినా ఆ మలుపు పుట్టదు. నరాల శాస్త్రంలో నాకు బాగా నచ్చిన ఫలితాల్లో ఇదొకటి. ఈ నరం ఇంతే చేస్తుందని ముందే రాసి పెట్టినట్టు ఉండదు, అప్పుడు ఒళ్లు ఏం చేస్తోందన్నదాన్ని బట్టి నరం మాటకు విలువ మారుతుంది.

ఆ ఇలకోడి దగ్గరే భ్రమరకీటక న్యాయం తలకిందులవుతుంది. అమెరికా ఖండంలో ఓర్మియా అనే ఈగ ఉంది. అది ఇలకోడి పాట విని, చీకట్లో వెతుక్కుంటూ వచ్చి, దాని మీదా పక్కనా సజీవమైన పిల్లపురుగులను వదులుతుంది. అవి ఇలకోడి ఒంట్లోకి దూరి లోపలి నుంచి తింటాయి. ఇక్కడ రొద చేసేది కీటకం, వినేది భ్రమరం.

ఆ ఈగ వినడంలో ఒక పెద్ద చిక్కుంది. శబ్దం ఏ వైపు నుంచి వచ్చిందో మనకు తెలిసేది, రెండు చెవులకూ కొద్ది తేడాతో చేరడం వల్ల కూడా. మన తల వెడల్పు వల్ల ఆ తేడా సెకనులో పదివేలవ వంతులకు ఐదారు దాకా వస్తుంది. ఓర్మియా చెవుల మధ్య ఎడం అర మిల్లీమీటరే. ఎంత పక్కనుంచి వచ్చినా తేడా సెకనులో పది లక్షల వంతుకు ఒకటిన్నర మించదు. ఏ నరమూ అంత సన్నని తేడాను నేరుగా కొలవలేదు. ఈ ఈగ ఆ పనిని నరానికి వదలకుండా చర్మానికే అప్పగించింది. దాని రెండు కర్ణభేరులూ విడివిడిగా లేవు. మధ్యలో గట్టి కమ్మీతో కలిపి ఉన్నాయి, పిల్లలు ఆడుకునే ఎగుడుదిగుడు బల్లలాగా. ఒకవైపు ముందు తగిలిన శబ్దం రెండోవైపు కదలికను ఆపుతుంది. దాంతో ఒకటిన్నర తేడా సుమారు 50 అవుతుంది. 1995లో మైల్స్, రాబర్ట్, హోయ్ దీన్ని విప్పిచెప్పారు. ఇది చూసే, వినికిడి యంత్రాల కోసం దిక్కు పసిగట్టే బుల్లి మైకుల తయారీకి దిగారు. పెద్దాయన చెవిలో యంత్రం పెట్టుకుని పెళ్లిపందిట్లో కూర్చుంటే అందరి మాటలూ కలగాపులగంగా వినిపిస్తాయని సతాయించేది దిక్కు తెలియకే.

ఈ కథకు హవాయి ద్వీపాల్లో ఒక కొసరు ఉంది. ఆ ఈగ అక్కడికి చేరాక, కౌవాయి అనే ద్వీపంలో ఇలకోళ్లు పాడటం మానేశాయి. పాట పుట్టించే రెక్క నిర్మాణమే పోయిన మగవి 20 తరాల లోపే నిండిపోయాయని మార్లీన్ జుక్ బృందం 2006లో రాసింది. పాడితే ఈగ వింటుంది, పాడకపోతే ఆడది వినదు. మూగవి మిగతా పాటగాళ్ల దగ్గర చేరి, పాట విని వచ్చే ఆడవాటి కోసం కాచుకుంటాయట.

దోమల ముచ్చట కూడా చెప్పి ముగిస్తాను. డ్రమ్ముల్లో నీళ్లు పట్టి పెట్టుకునే మన ఊళ్లలో పగటిపూట కుట్టే డెంగీ దోమ గురించి ఎవరికీ పరిచయం అక్కర్లేదు. ఆడదోమ రెక్కల శ్రుతి సుమారు 400 హెర్ట్జ్, మగదానిది 600. రెండూ దగ్గరికొస్తే రెక్కల వేగాన్ని సవరించుకుంటూ, ఆడదాని శ్రుతికి మూడింతలూ మగదాని శ్రుతికి రెండింతలూ ఒకచోట కలిసేలా చేస్తాయి, 1200 దగ్గర. 2009లో ఇది కూడా హోయ్ ఉన్న బృందమే చూపించింది. అంత హెచ్చుశ్రుతి దోమకు వినపడదని అప్పటిదాకా అనుకునేవారు. మన చెవి దగ్గర విసుగు పుట్టించే ఆ "జుయ్" వాటికి శ్రుతి కలుపుకోవడం.

ఇవన్నీ చదివాక ఊరుకోబుద్ధి కాలేదు. మా హాల్లో గోడ మీద తిరిగే గెంతే సాలీడు దగ్గర ఫోన్‌లో 80 హెర్ట్జ్ శబ్దం పెట్టాను. అది పట్టించుకోలేదు. తరువాత తెలిసింది, ఫోన్‌లో ఉండే చిన్న స్పీకరు అంత మంద్రశ్రుతిని సరిగా పలికించలేదని. నేను పెట్టానన్నమాటే కానీ గాలిలోకి వచ్చింది ఏమీ లేదు. పక్కింటివాళ్ల దగ్గర ఊఫర్ ఉన్న హోమ్ థియేటర్ అరువు తెచ్చాను. ఈసారి "ఊఁ" అని మోగగానే సాలీడు ఠక్కున ఆగింది. ఎగిరి గంతేశాను. మా వీధి చివరి ట్రాన్స్‌ఫార్మర్ మోత 100 హెర్ట్జ్ కదా, దాని పక్కన బతికే సాలీళ్లు రోజంతా బిగుసుకుని ఉంటాయా, అలవాటు పడి ఉంటాయా అని అప్పుడే పెద్ద పెద్ద ఆలోచనలు కూడా మొదలయ్యాయి.

ఊఫర్ మోసుకొచ్చిన పక్కింటి పిల్లాడు, ఏడో తరగతి, గోడకు చెయ్యి ఆనించి చూశాడు.

"అంకుల్, గోడ కూడా అదురుతాంది" అన్నాడు. "ఇంకోటి, మీరు అంత దగ్గరికి పోయి మొహం పెడితే ఎవురైనా ఆగిపోతారు."